రేపు చిన్నాయన బోరు వేయిస్తున్నాడు

నిన్న రాత్రి తొమ్మిదిన్నరప్పుడు చిన్నాయన ఫోన్ చేశాడు. గుత్తి దగ్గర మా ఊళ్లో ఆయనకు మూడున్నర ఎకరాల చీనీ (బత్తాయి) తోట. ఉన్న బోరు మార్చి నుంచీ ఆగి ఆగి పోస్తోంది, మోటారు వేసిన పావుగంటకే గాలి కక్కుతోంది, ఇంకో బోరు వేయకపోతే ఈ ఎండలకు చెట్లు నిలబడవు. పాయింట్ పెట్టించుకున్నాడు, బండి మాట్లాడుకున్నాడు, అడ్వాన్సూ ఇచ్చేశాడు. అన్నీ అయ్యాక నాకు ఫోన్.

"పాపా, నువ్వు పిల్లోళ్లకు సైన్సు చెప్తావు గదా. కింద ఏముందో నువ్వన్నా చెప్పు. టెంకాయ పట్టుకోని తిరిగినాయన మున్నూరు అడుగులకు గ్యాప్ ఉందన్నాడు. నాకు ఒకటే టెన్షన్‌గా ఉంది."

రాసి పంపిస్తాలే చిన్నాయనా అని పెట్టేశాను గానీ నిద్ర పట్టలేదు. కింద రాయి ఉంది అని ఒక్క మాటలో చెప్పొచ్చు. కానీ ఆ రాయి ఎక్కడిది, దాని కింద ఇంకేముంది, అదంతా అసలు ఎక్కడి నుంచి వచ్చింది అని ఒక్కో అడుగు వెనక్కి పోతే సృష్టి మొదలు దాకా పోవాల్సి వస్తుంది. ఫోన్లో అంత చెప్పలేను. ఇక్కడ రాస్తే చిన్నాయన కొడుకు చదివి వినిపిస్తాడు. బండి రేపు తెల్లవారుజామున నాలుగింటికి వస్తుందట, ఈలోపల ఇది పూర్తి చేయాలి.

నాకు ఈ ప్రశ్న కొత్తది కాదు. 2002లో, వానలు బొత్తిగా మొహం చాటేసిన ఆ ఏడాది, మా నాయన నాలుగో బోరు వేయించాడు. నేను తొమ్మిదో తరగతి. రాత్రంతా బండి మోతే. రాడ్డు మీద రాడ్డు దించుతూ ఉంటే బోరు నోట్లోంచి దుమ్ము పొగలా లేచేది, ఒక్కో రాడ్డుకు ఒక్కో దోసెడు పొడి తీసి హెల్పరు కుర్రాడు వరసగా కుప్పలు పెట్టేవాడు. మొదట ఎర్రమట్టి, ఆ తర్వాత గరుసు, ఆ తర్వాత తెల్లగా సుద్దలాగా కొంత, అక్కడి నుంచి ఇక బూడిదరంగు పొడే. కుప్ప తర్వాత కుప్ప అదే రంగు. నాయన ప్రతి కుప్ప దగ్గరా గొంతుక్కూర్చుని, పొడి అరచేతిలోకి తీసుకుని, తడి ఉందేమోనని బొటనవేలితో రుద్ది చూసేవాడు. నేను కూడా తీసుకున్నాను. వెచ్చగా ఉంది. టార్చిలైటు వేస్తే అందులో కాకిబంగారం మెరుస్తోంది. 640 అడుగుల దగ్గర నాయన చేయి ఊపాడు, బండి ఆగింది. ఆ నిశ్శబ్దంలో అమ్మ ఏడవడం వినిపించింది.

తర్వాతి ఏడాది చీనీ చెట్లు కొట్టేసి కట్టెలకు అమ్మేశాం. ఆ పొడి మాత్రం నేను హార్లిక్స్ సీసాలో పోసి దాచుకున్నాను, ఎందుకో అప్పుడు నాకే తెలియదు. ఇప్పుడు స్కూల్లో భూమి పాఠం వచ్చినప్పుడల్లా ఆ సీసా తీసుకుపోతాను.

సరే, చిన్నాయనా, ముందు ఆ పొడి సంగతి. మన గుత్తి కోట ఉన్న కొండా, మన చేను కింద ఉన్న రాయీ ఒకే కుటుంబం, గ్రానైటు జాతి. వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. ఇది పైన పుట్టిన రాయి కాదు. భూమి లోపల కిలోమీటర్ల లోతులో, కరిగిన ముద్దగా ఉండి, చాలా నిదానంగా చల్లారి గట్టిపడింది. నిదానంగా చల్లారింది కాబట్టే పలుకులు అంత పెద్దగా, కంటికి కనపడేలా ఉంటాయి. దాని మీద అప్పుడున్న కిలోమీటర్ల మందం రాయంతా కోట్ల ఏళ్ల పాటు వానకూ గాలికీ ఎండకూ అరిగిపోయి కొట్టుకుపోతే, లోపలిది బయటపడింది. అంటే మనం బోరు మొదలుపెట్టే చోటే ఒకప్పుడు ఎంతో లోతు. అక్కడి నుంచి మళ్లీ మనం వెయ్యి అడుగులు పోతున్నాం.

నిదానంగా, అంత బరువు కింద చల్లారిన రాయిలో సందులు ఉండవు. ఇసుకరాయిలాగా నీళ్లు తాగి పట్టుకునే గుణం దానికి లేదు. దాంట్లో నీళ్లుంటే రెండే చోట్ల. ఒకటి, పైన ఎండకూ వానకూ చివికి గరుసైన భాగంలో. రెండు, ఆ రాయి ఎప్పుడో పగిలిన పగుళ్లలో. బోరు బండివాళ్లు గ్యాప్ అనేది ఈ పగులునే. లోతుకు పోయేకొద్దీ పైనున్న బరువుకు పగుళ్లు బిగుసుకుపోతాయి, తగ్గిపోతాయి. ఇంకో వంద అడుగులు పోతే పడతాయేమో అని అందరం అనుకుంటాం, నాయన కూడా అట్లాగే అనుకున్నాడు, కానీ ఈ రాయిలో లోతు పెరిగితే ఆశ పెరగదు. పైగా మనకు కురిసేది ఏడాదికి 550 మిల్లీమీటర్ల అటుఇటు. పడమటి కనుమలు నైరుతి మేఘాల్ని అటే పిండేసుకుని మనకు మిగిలింది పంపిస్తాయి. ఆ కాస్త వానలో ఎంత ఇంకితే పగుళ్లలోకి అంతే.

ఇప్పుడు, అంతకంటే కింద.

మనుషులు వేసిన బోర్లలో నిలువునా చాలా లోతుకు పోయింది రష్యాలోని కోలాలో వేసింది. 1970లో మొదలుపెట్టి 1989 నాటికి 12,262 మీటర్లు పోయారు, అంటే పన్నెండు కిలోమీటర్ల పైచిలుకు. బోరు వెడల్పు ఒక జానెడు. ఆ లోతులో వేడి 100 డిగ్రీలు ఉంటుందనుకుంటే 180 డిగ్రీలు తగిలింది, రాయి మెత్తబడి బోరు మూసుకుపోతూ వచ్చింది, ఇక ఆపేశారు. భూమి నడిబొడ్డు దాకా 6,371 కిలోమీటర్లు. అంటే ఐదొందల వంతుల్లో ఒక వంతు కూడా పోలేదు. మనం రాయి అని పిలిచే పై పొర, భూపటలం, నేల ఉన్న చోట సగటున 35, 40 కిలోమీటర్ల మందం. చీనీకాయ మీద గోరుతో గీస్తే నూనె చిమ్మే పచ్చటి పొర ఉంటుంది చూడు, తెల్లటి దూది కాదు, దానిపైన ఉండేది, భూమిని చీనీకాయంత చేస్తే భూపటలం ఆ పొర కంటే కూడా పల్చన.

మరి లోపలికి ఎవరూ పోకుండా ఏముందో ఎట్లా తెలిసింది? కుండ కొనేటప్పుడు జేజి ఏం చేసేది? వేలితో కొట్టి చెవి పెట్టి వినేది. ఇదీ అంతే. భూకంపం వచ్చినప్పుడు భూమిని ఎవరో గట్టిగా కొట్టినట్టు, ఆ అలలు లోపల్నుంచి పోయి ప్రపంచం నలుమూలలా పరికరాలకు తగులుతాయి. 1897 జూన్ 12న అస్సాంలో పెద్ద భూకంపం వచ్చింది. అప్పుడు మన దేశపు జియలాజికల్ సర్వేలో పనిచేస్తున్న రిచర్డ్ ఓల్డ్‌హామ్ దాని అలల్ని వేరు చేసి చూశాడు. ముందు నెట్టుకుంటూ వచ్చే అల ఒకటి, వెనకాల ఊగుతూ వచ్చే అల ఇంకొకటి. దాని మీద పట్టు వదలకుండా పనిచేసి 1906లో భూమికి మధ్యలో వేరే గుండె ఉందని చూపించాడు. ఊగే అల ద్రవంలోంచి పోలేదు, భూమికి అవతలి పక్కకు అది అందడం లేదు, కాబట్టి ఆ గుండె బయటి భాగం కరిగిన ముద్ద అని తర్వాతి వాళ్లు తేల్చారు. 1936లో డెన్మార్క్‌కు చెందిన ఇంగే లేమన్ అనే ఆవిడ, ఆ ద్రవం లోపల మళ్లీ గట్టి గుండె ఉందని అలల లెక్కల్లో పట్టుకుంది. క్లాసులో ఆమె పేరు చెప్పినప్పుడు ఆడపిల్లలు వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చుంటారు, అది చూడటం నాకు ఇష్టం.

భూపటలం కింద దాదాపు 2,900 కిలోమీటర్ల లోతు దాకా ప్రావారం. చాలామంది అదంతా కుతకుతలాడే లావా అనుకుంటారు, కాదు. అది గట్టి రాయే. కానీ బెల్లం దిమ్మె లాంటి గట్టి. సుత్తితో కొడితే బెల్లం పగులుతుంది, అదే దిమ్మెను ఎండాకాలం నాలుగు నెలలు అటక మీద పెట్టి చూస్తే కిందికి జారి ఆకారం మారి ఉంటుంది. ప్రావారం కూడా అట్లా కోట్ల ఏళ్ల లెక్కన కదులుతుంది, దాంతోబాటు పైనున్న ఖండాలూ కదులుతాయి. దాని కింద 5,150 కిలోమీటర్ల దాకా కరిగిన ఇనుమూ నికెలూ. అది సుడులు తిరుగుతూ ఉండబట్టే భూమికి అయస్కాంత గుణం, నీ ఫోన్లో దిక్సూచి పనిచేయడం. నడిమధ్యలో గట్టి ఇనుప గుండె. అక్కడ వేడి 5,000 డిగ్రీల పైమాటే, సూర్యుడి ఉపరితలమంత. అయినా కరగదు, అంత నొక్కిడి ఉంది పైనుంచి.

ఇనుమే అని ఎట్లా చెప్తారు అంటావు. దానికి మన కడప వైపు రాయి ఒకటి చేతిలో పెట్టి చెప్తే సులభంగా తెలుస్తుంది. మంగంపేట ముగ్గురాయి, బెరైటీస్ అంటారు. ప్రపంచంలోనే అంత పెద్ద నిక్షేపం ఒకేచోట ఇంకెక్కడా లేదు. పిడికెడు ముక్క ఎత్తితే చేయి కిందికి లాగుతుంది, ఇంత చిన్న రాయికి ఇంత బరువేమిటి అనిపిస్తుంది. (చమురు బావులు తవ్వేటప్పుడు కింది నుంచి గ్యాసు ఎగదన్నకుండా, ఈ రాయి పొడినే బురదలో కలిపి బోర్లో పోస్తారు. మన ముగ్గుపిండి రాయి ప్రపంచంలోని బోర్లలోకి పోతోంది.) మామూలు గ్రానైటు నీళ్ల కంటే 2.7 రెట్లు బరువు. ముగ్గురాయి నాలుగున్నర రెట్లు. 1798లో హెన్రీ కావెండిష్ సీసపు గుండ్లతో చేసిన ప్రయోగంతో భూమి మొత్తం సగటు లెక్క దాదాపు ఐదున్నర రెట్లని తేలింది. అంటే భూమి సగటున ముగ్గురాయి కంటే కూడా బరువు. పైనేమో అంతా తేలిక రాయి. అట్లాంటప్పుడు లోపల చాలా బరువైనదేదో ఉండాలి, అది బోలెడంత ఉండాలి. అంత విరివిగా దొరికే బరువు లోహం ఇనుమే. భూమి మొదట్లో కరిగి ఉన్నప్పుడు బరువు ఇనుము కిందికి దిగిపోయింది, తేలిక రాయి పైకి తేలింది. పాలమీద మీగడలాగా మనం ఆ పైన ఉన్నాం.

ఆ ఇనుము ఎక్కడిది?

ఇక్కడి నుంచి సృష్టి మొదలుకు పోవాలి. దాదాపు 1380 కోట్ల సంవత్సరాల కింద ఇప్పుడు కనిపిస్తున్న విశ్వమంతా ఊహకందనంత చిన్నగా, ఊహకందనంత వేడిగా ఉండి, అక్కడి నుంచి విస్తరించడం మొదలుపెట్టింది. మన పుస్తకాల్లో మహా విస్ఫోటనం అని రాస్తారు, ఆ మాట నాకు నచ్చదు, పిల్లల్ని అది తప్పుదోవ పట్టిస్తుంది. పోయిన ఏడాది ఒక పిల్లాడు లేచి "యాడ పేలింది టీచర్?" అని అడిగాడు. ఏ చోటా పేలలేదు నాయనా, చోటే అప్పుడు సాగడం మొదలైంది, అన్ని చోట్లా అప్పుడు ఒకేచోట ఉన్నాయి, కాబట్టి గుత్తిలోనూ జరిగింది, ఈ బెంచీ దగ్గరా జరిగింది అని చెప్పాను. వాడు బెంచీ వైపు చూసుకున్నాడు.

మొదటి కొన్ని నిమిషాల్లో తయారైన పదార్థంలో నూటికి 75 పాళ్లు హైడ్రోజన్, దాదాపు మిగిలినదంతా హీలియం. అంతే. ఇనుము లేదు, రాయి లేదు, ఆక్సిజన్ లేదు. ఆ హీలియం మనిషి కంటికి తగిలిన తొలి చోట్లలో మన తెలుగునేల ఒకటి అన్నది మర్చిపోకూడదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త గుంటూరుకు వచ్చాడు. ఆ గ్రహణపు వెలుగును రంగులుగా విడదీసి చూస్తే కనిపించిన పసుపుపచ్చ గీత భూమ్మీద అప్పటికి తెలిసిన ఏ మూలకానిదీ కాదని తర్వాత తేలింది. సూర్యుడి పేరు మీద దానికి హీలియం అని పేరు పెట్టారు.

విశ్వం విస్తరిస్తోందని 1927లో లెమైత్ర్ లెక్క కట్టి చెప్పాడు, 1929లో హబుల్ దూరపు గెలాక్సీల్ని చూసి చూపించాడు. అయినా చాలామంది నమ్మలేదు. 1964లో అమెరికాలో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు ఒక పెద్ద యాంటెన్నా పెట్టుకుని పనిచేస్తుంటే ఎటు తిప్పినా ఒక గరగర పోవడం లేదు. పావురాల రెట్టలని అనుమానపడి కడిగారు కూడా. పోలేదు. అది విశ్వం మొదలైన 3,80,000 సంవత్సరాలకు బయటపడ్డ వెలుగు, ఇన్ని కోట్ల ఏళ్లు సాగి సాగి చల్లబడి ఇంకా అన్ని వైపుల నుంచీ వస్తూనే ఉంది. 1978లో వాళ్లకు నోబెల్ ఇచ్చారు. చిన్నాయనా, మనింట్లో పాత నలుపు-తెలుపు టీవీ గుర్తుందా, గాలికి యాంటెన్నా తిరిగిపోతే బొమ్మ పోయి చుక్కలు చుక్కలుగా గరగరమనేది, నన్ను మిద్దె ఎక్కించి తిప్పమనేవాడివి? ఆ చుక్కల్లో నూటికి ఒకటి దాకా ఈ వెలుగువే. నువ్వు శుక్రవారం చిత్రలహరి కోసం కోప్పడుతుంటే తెర మీద కనపడుతూ ఉన్నది విశ్వం పుట్టుక.

ఆ తర్వాత పది ఇరవై కోట్ల ఏళ్లకు హైడ్రోజన్ మబ్బులు ముద్దకట్టి నక్షత్రాలు వెలిగాయి. నక్షత్రమంటే పొయ్యే. హైడ్రోజన్ ఉడికి హీలియం, హీలియం ఉడికి కార్బన్, ఆక్సిజన్, అట్లా అట్లా పెద్ద నక్షత్రాల్లో ఇనుము దాకా. ఇనుము దగ్గర ఆ పొయ్యి ఆరిపోతుంది, ఇనుమును ఇంకా కలిపితే వేడి రాదు, పైగా తినేస్తుంది. అప్పుడు నక్షత్రం తన బరువుకు తానే కూలి పేలిపోతుంది, లోపల వండినదంతా ఆకాశంలోకి చల్లుతుంది. బంగారం, యురేనియం లాంటి మరీ బరువైనవి ఎక్కువగా చచ్చిన నక్షత్రాలు రెండు గుద్దుకున్నప్పుడు పుడతాయని, 2017 ఆగస్టు 17న అట్లాంటి గుద్దుడు ఒకటి నేరుగా చూసినప్పుడు బలం వచ్చింది. జొన్నగిరి బంగారమూ, పులివెందుల దగ్గర తుమ్మలపల్లె గనిలో తీసే యురేనియమూ అట్లా వచ్చినవే కావచ్చు. ఆ యురేనియం, థోరియం లాంటివి భూమి లోపల విరిగిపోతూ ఇచ్చే వేడే, భూమి కడుపులోంచి ఇవాళ్టికీ పైకొచ్చే వేడిలో దాదాపు సగం.

ఈ దుమ్మూ గ్యాసూ కలిసిన మబ్బు ఒకటి ముడుచుకుని మధ్యలో సూర్యుడు, చుట్టూ మిగిలిన పిండితో గ్రహాలు. భూమి వయసు 454 కోట్ల సంవత్సరాలు. ఉల్కలోని సీసం కొలిచి 1956లో క్లెయిర్ ప్యాటర్సన్ కట్టిన లెక్క ఇవాళ్టికీ పెద్దగా మారలేదు.

నా హార్లిక్స్ సీసాలో పొడి గురించి ఒక మాట చెప్పాలి. గ్రానైటు పొడి బరువులో దాదాపు సగం ఆక్సిజనే, సిలికాన్‌తో గట్టిగా ముడిపడి ఉంటుంది. నీళ్లలో ఉండేదీ ఆక్సిజనే, హైడ్రోజన్‌తో కలిసి. రెండింట్లోని ఆక్సిజనూ నక్షత్రాల్లో వండిందే. హైడ్రోజన్ మాత్రం విశ్వం పుట్టిన తొలి నిమిషాలది, దాన్ని తర్వాత ఎవరూ వండలేదు. ఆ రాత్రి నాయన అరచేతిలో పొడి రుద్దుతూ వెతికింది, ఒక రకంగా, విశ్వంలో అన్నిటికంటే పాత సరుకు కోసం.

మళ్లీ మన వైపుకొస్తా. నువ్వు గుత్తి నుంచి తాడిపత్రికి బస్సులో ఎన్నిసార్లు పోయుంటావో. ఈసారి కిటికీ పక్కన కూర్చో. గుత్తి వైపు కొండలు గుండ్రాళ్లు పేర్చినట్టు ఉంటాయి. తాడిపత్రి దగ్గరకొచ్చేసరికి రాయి పొరలు పొరలుగా, చపాతీలు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు మారిపోతుంది. ఆ మధ్యలో ఎక్కడో నువ్వు కోట్ల ఏళ్ల గడప దాటుతావు. గ్రానైటు నేల అరిగి అరిగి, కుంగి, దాంట్లోకి సముద్రం వచ్చి, ఆ సముద్రం అడుగున బురదా ఇసుకా సున్నమూ పొర మీద పొర పేరుకుంటే ఏర్పడింది కడప బేసిన్. నెలవంక ఆకారం, పొడవు దాదాపు 440 కిలోమీటర్లు. విలియం కింగ్ అనే ఆయన ఈ కడప, కర్నూలు రాళ్లన్నీ తిరిగి చూసి 1872లో రాశాడు, ఆయన పెట్టిన పేర్లు ఇప్పటికీ వాడుతున్నారు. మన ఇంటి పడసాలలో తలుపు పక్కన ఒక బండ ఉండేది, దాని మీద అరికాలు పెడితే అలలు అలలుగా తగిలేది, జేజి దాన్ని సరిగా నునుపు చేయలేదని ఎప్పుడూ తిట్టేది. అది నునుపు చేయకపోవడం కాదు. లోతు లేని సముద్రపు నీళ్లు అడుగు బురద మీద కదిలిన గుర్తులు, కుంట ఎండినప్పుడు ఇసుక మీద కనపడతాయే, అవే. అట్లాగే రాయైపోయాయి.

ఆ వేంపల్లె వైపు సున్నపురాళ్లలో కొన్ని కోస్తే క్యాబేజీని అడ్డంగా కోసినట్టు వలయాలు కనిపిస్తాయి. అవి స్ట్రోమటోలైట్లు. కంటికి కనపడని సూక్ష్మజీవులు, ఎండను తిని ఆక్సిజన్ వదిలే జాతి, ఆ సముద్రంలో జిగురు చాపల్లా పరుచుకుని, మీద సున్నం పేరుకుంటే మళ్లీ దాని మీదికి పాకి కట్టుకున్న ఇళ్లు. పులివెందుల దగ్గర ఆ పొరల మధ్యలోకి చొచ్చుకొచ్చి గడ్డకట్టిన లావా రాయి వయసు దాదాపు 188 కోట్ల సంవత్సరాలని తేల్చారు, అంటే ఈ ఇళ్లు అంతకంటే పాతవి. చేప లేదు, చెట్టు లేదు, గడ్డిపోచ కూడా లేదు అప్పటికి. మనం పీల్చే గాలిని భూమికి సంపాదించిపెట్టిన వాళ్ల ఇళ్లు అవి.

సున్నపురాయికి నీళ్లతో పడే తీరు వేరు. వాన నీళ్లలో కాస్త పులుపు గుణం ఉంటుంది, అది పగులులోకి దిగి సున్నాన్ని కరిగిస్తూ కరిగిస్తూ దారులు చేస్తుంది. బెలుం గుహలు అట్లా వచ్చినవే, 3,229 మీటర్ల పొడవున, లోపల పాతాళగంగ ఇంకా పారుతూ. మన నుంచి ఎంత దూరమని? రెండు గంటల ప్రయాణం కూడా కాదు. అక్కడ రాయి నీళ్లకు దారి ఇచ్చింది, ఇక్కడ ఇవ్వలేదు. మా నాయన తప్పు చేయలేదు, పూజలో లోపం లేదు, ఎవరి దిష్టీ కాదు. నాలుగు బోర్లు ఎండితే మా అవ్వ జాతకం చూపించుకు రమ్మని నాయన్ను ఎన్ని మాటలందో నాకు గుర్తుంది. ఆ రాయి అట్లా చల్లారింది, అంతే.

ఇక చివరిది, ఇది చెప్పాలనే మొదటి నుంచీ ఆగలేకపోతున్నా. మన వజ్రకరూరు. తొలకరి పడగానే జనం సద్దిమూటలు కట్టుకుని అక్కడా, జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర చేలల్లోనూ వజ్రాల కోసం నేల వెతుకుతూ తిరుగుతారు, నువ్వూ వయసులో పోయావని అమ్మ చెప్పింది. ఆ వజ్రాల్ని పైకి తెచ్చిన రాయి పేరు కింబర్లైటు. దాదాపు 110 కోట్ల ఏళ్ల కింద, 150 కిలోమీటర్ల కంటే లోతు నుంచి, ఒక సన్నని గొట్టంలాగా గ్రానైటును చీల్చుకుని అది పైకి తన్నింది. నిదానంగా కాదు, గంటల్లోనో రోజుల్లోనో. నెమ్మదిగా వస్తే దారిలో వజ్రం పాడైపోయేది. రష్యావాళ్లు ఇరవై ఏళ్లు కష్టపడి పన్నెండు కిలోమీటర్లు పోయారు, మన పక్క ఊళ్లో భూమే నూటయాభై కిలోమీటర్ల బోరు కింది నుంచి పైకి వేసింది. జియలాజికల్ సర్వేవాళ్ల కింబర్లైటు మ్యూజియం కూడా అక్కడే ఉంది.

2014లో బ్రెజిల్ వజ్రం ఒకదాన్ని పరీక్షిస్తే దాని లోపల కంటికి ఆనని పలుకు ఒకటి దొరికింది. రింగ్‌వుడైట్ అంటారు. దాదాపు 520 నుంచి 660 కిలోమీటర్ల లోతు మధ్యలో తప్ప భూమ్మీద మామూలుగా ఉండని ఖనిజం. ఆ పలుకు బరువులో దాదాపు ఒకటిన్నర శాతం నీళ్లు. పారే నీళ్లు కాదు, రాయి పలుకులోనే విడివిడి ముక్కలుగా ఇరుక్కుపోయి ఉన్నవి. ఆ పొర కొంతైనా అట్లా తడిసి ఉందంటే సముద్రాలంత నీళ్లు కింద రాయిలో బందీగా ఉండొచ్చు. ఇది చదివిన రోజు నాయనకు చెప్పాను. ఆయన ఇప్పుడు మాతోనే అనంతపురంలో ఉంటాడు, సేద్యం మాటెత్తడు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే ఉన్నాయన్న మాట" అన్నాడు. అంతే అన్నాడు.

చిన్నాయనా, నీ ప్రశ్నకు జవాబు. మున్నూరు అడుగుల్లో గ్యాప్ ఉందో లేదో నేను చెప్పలేను, టెంకాయా చెప్పలేదు. నేలలోకి కరెంటు పంపి కొలిచే పద్ధతి ఉంది, రెసిస్టివిటీ సర్వే, తడి ఉన్న పగులులోంచి కరెంటు సులభంగా పోతుంది కాబట్టి కొంతవరకు పట్టుకోవచ్చు. బండిని రెండు రోజులు ఆపి అది చేయించు అని ఇందాక ఫోన్ చేసి అడిగాను. అడ్వాన్సు పోతుందన్నావు. సరే. కనీసం నాలుగు వందల అడుగుల దాకా గ్యాప్ తగలకపోతే ఆపేయమని బతిమాలుతున్నా, ఇంకో వంద, ఇంకో వంద అని పోవద్దు, నాయన అట్లాగే పోయాడు. ఆ మిగిలిన డబ్బులతో చేను కింది వైపు సేద్యపు కుంట తవ్వించు, వాన పడ్డప్పుడు పైనున్న గరుసన్నా తాగుతుంది.

నేను రాత్రి పదకొండు గంటల బస్సుకు బయలుదేరుతున్నా. నాయన కూడా వస్తానన్నాడు, నేనేమీ అడగకముందే చొక్కా వేసుకుని కూర్చున్నాడు. టార్చిలైటు బ్యాగులో పెట్టుకున్నా. ఖాళీ సీసా కూడా ఒకటి.